కోడ్ చదివే హక్కు ఎవరిది?

శ్రీ విజయపురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్)‌లోని ఇంజనీరింగ్ కాలేజీ పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ. బాబాసాహెబ్ పేరు పెట్టుకున్న ఈ దీవుల్లో షెడ్యూల్డ్ కులాల జాబితా మాత్రం లేదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ ఎస్సీ జనాభా సున్నా. మా నాన్న శ్రీకాకుళం జిల్లాలోని ఒక మాలపేట నుంచి కూలి పనికి ఓడెక్కాడు. విశాఖలో ఎక్కినప్పుడు ఎస్సీ, ఇక్కడ దిగేసరికి జనరల్. "మీదే ఊరు? ఊళ్లో ఏ వీధి?" అని ఆరా తీసే తెలుగువాళ్లు కూడా అదే ఓడలో వచ్చారు.

జాబితా రాష్ట్రం సరిహద్దు దాటదని సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది, తెనాలిలో పుట్టి బొంబాయిలో మెడికల్ సీటు అడిగిన మర్రి చంద్రశేఖరరావు కేసులో. 2018లో బీర్ సింగ్ కేసులోనూ ఆ సూత్రాన్నే నిలబెట్టింది.

ఇదంతా సాఫ్ట్‌వేర్ పరిశోధకుడికి ఎందుకంటారా? నన్నూ అదే అడిగారు.

నా పని కోడ్ రీడబిలిటీ. ఒకరు రాసిన ప్రోగ్రాంను ఇంకొకరు ఎంత సులువుగా చదివి అర్థం చేసుకోగలరో కొలవడం. 1976లో మెకేబ్ ప్రోగ్రాంలో దారులు ఎన్ని చీలుతున్నాయో లెక్కగట్టాడు. 2010లో బ్యూజ్, వైమర్ అచ్చువేసిన పరిశోధనలో 120 మంది 100 కోడ్ ముక్కలకు మార్కులు వేశారు, మొత్తం 12,000 మార్కులు. వాటి నుంచి వరుస పొడవు, పేర్లు, ఖాళీ వరుసలు చూసి తీర్పు చెప్పే నమూనా తయారైంది. మంచి పనే. నేను బతుకుతున్నది అలాంటి పని మీదే. కానీ మార్కులు వేసిన ఆ 120 మందీ అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం విద్యార్థులు. కోడ్ ఎవరి బతుకు మీద నడుస్తుందో వాళ్లూ దాన్ని చదవాలన్న ఊహ మా రంగానికి ఎందుకు రాలేదు?

క్లాసులో నేనొక చిన్న ప్రోగ్రాం చూపిస్తాను. కులం జాబితాలో దొరక్కపోతే 'జనరల్' అని రాసుకో. రెండే వరుసలు, పేర్లు స్పష్టం, చీలిక ఒక్కటే. ఏ కొలతకైనా ఫస్ట్ క్లాస్. మా నాన్నను మింగే వరుస అంత శుభ్రంగా ఉంటుంది. ఈ సంగతి రాసి పంపిన పేపర్‌ను ఒక సమీక్షకుడు "ఇది రాజకీయం" అని ఒక్క ముక్కలో తిప్పికొట్టాడు. ప్రమోషన్ ఇంటర్వ్యూలోనూ అదే పాట, కోడ్‌కు కులం ఉండదట. రాసేవాడికి, పరీక్షించేవాడికి, కొని సంతకం పెట్టే అధికారికి ఉంటుంది కదా సార్ అన్నాను. ప్రమోషన్ ఏమైందో మీకు చెప్పక్కర్లేదు.

తెలంగాణ సమగ్ర వేదికను చూడండి. పేర్లు, చిరునామాలు పోల్చి ఎవరు పేదో ఎవరు కాదో తేల్చే సాఫ్ట్‌వేర్ అది. రిక్షా తొక్కిన మనిషిని, పేరు దగ్గరగా ఉందని కారు యజమానిగా లెక్కగట్టిన ఉదంతం పత్రికలకెక్కింది. 2014 నుంచి 2019 లోపు 18 లక్షలకు పైగా రేషన్ కార్డులు నోటీసు కూడా లేకుండా రద్దయ్యాయి. ఇళ్లకు వెళ్లి మళ్లీ విచారించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. సమాచార హక్కు కింద సోర్స్ కోడ్ అడిగిన విలేకరులకు ప్రభుత్వం ఇవ్వలేదు. బియ్యం ఆగిపోయిన అమ్మకు ఏ వరుస దగ్గర ఆగిందో తెలియకూడదా? వేదం వింటే చెవిలో సీసం పోయమన్న శాస్త్రానికి, దీనికి తేడా ఏమిటో నాకు చెప్పండి.

1927 డిసెంబర్ 25న మహద్‌లో మనుస్మృతిని కాల్చిన బాబాసాహెబ్ అందులో ఏముందో చదివి తెలిసినవాడు. మనకు చదవడానికే ఇవ్వడం లేదు. అందుకే నా డిమాండ్ ఒక్కటే: రేషన్, పింఛను, స్కాలర్‌షిప్, కుల ధ్రువపత్రం ముట్టుకునే ప్రతి ప్రోగ్రాం కోడ్‌నూ, దాని నియమాలను తెలుగులోనూ, అమలుకు ముందే బయటపెట్టాలి. పేరు కొట్టేస్తే ఏ నియమం కింద కొట్టేశారో కాగితం మీద రాసివ్వాలి.

తిరిగొచ్చిన పేపర్‌ను మళ్లీ రాస్తున్నాను. ఈసారి ఆ రెండు వరుసలను తెలుగులో రాసి జంగ్లీఘాట్‌లో రేషన్ క్యూలో నిలబడేవాళ్లకు ఇస్తున్నాను. మార్కులు వాళ్లే వేస్తారు.