ఎప్‌సెట్ ర్యాంకు చూసి మంచి నర్సు అయితదో కాదో చెప్పొచ్చా?



ర్యాంకులు వచ్చిన కాడి నుంచి గ్రూపుల ఒకటే మాట. "ఈ ర్యాంకుకు బీఎస్సీ నర్సింగ్ వస్తదా? వచ్చినా నెగ్గుకొస్తమా?" మొదటి దానికి కౌన్సెలింగే జవాబు చెప్తది. రెండోదాని మీద మేం అనుకుంటున్నది రాస్తున్నం.

ఇంతకుముందు మన దగ్గర ఈ సీట్లు ఇంటర్ మార్కుల మీద ఇచ్చేటోళ్లు, ఇప్పుడు ఎప్‌సెట్ ర్యాంకు మీద ఇస్తున్నరు. పరీక్షే వద్దని మేం అంటలేం. ఇంటర్ మార్కుల కాలం కూడా మనకేం బంగారం కాదు. పరీక్షల కనీసం పేపరన్నా అందరికీ ఒకే తీరు.

కానీ ఆ పేపర్ల ఏముంది? మూడు గంటలు, 160 ప్రశ్నలు. బయాలజీ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అగ్రికల్చర్‌కు, ఫార్మసీకి పోయేటోళ్లు రాసేదే నర్సు కావాలనుకున్న పిల్ల కూడా రాస్తది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021ల గెజిట్ చేసిన నిబంధనల్లో చెప్పిన పరీక్ష వేరు. అందులో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీష్‌కు 20, నర్సింగ్ ఆప్టిట్యూడ్‌కు 20 మార్కులున్నయి. అంటే నూటికి 40 మార్కుల భాగం మన ఎప్‌సెట్‌ల లేనే లేదు. అమెరికాల చాలా నర్సింగ్ కాలేజీలు పెట్టే టీస్ పరీక్షల కూడా చదివి అర్థం చేసుకోవడానికి, ఇంగ్లీష్‌కు వేరే భాగాలుంటయి.

ఇది ఎందుకు చెప్తున్నమంటే, మొదటి సెమిస్టర్‌ల ఫిజిక్స్ పేపరు లేదు. అనాటమీ, ఫిజియాలజీ, సోషియాలజీ, సైకాలజీ, నర్సింగ్ ఫౌండేషన్స్, కమ్యూనికేటివ్ ఇంగ్లీష్ ఉంటయి. ఇంగ్లీష్ తప్ప మిగతా సబ్జెక్టులల్ల థియరీల, ప్రాక్టికల్‌ల వేర్వేరుగా 50 శాతం రావాలె. బయాలజీ గట్టిగా చదివిన పిల్లకు అనాటమీ కొంత తేలికే, కాదనలేం. అయితే గురుకులంల, సర్కారు కాలేజీల తెలుగు మీడియం చదివినోళ్లు ఆగిపోయేది బుద్ధి తక్కువై కాదు, ఇంగ్లీష్ పుస్తకం ముందట. ఎముక ఏందో తెలుసు, దాని గురించి నాలుగు వాక్యాలు ఇంగ్లీష్‌ల రాయరాదు. ఈ సంగతి ర్యాంకు ముందే చెప్పదు.

ఇగ వార్డు సంగతి. రాత్రి డ్యూటీ, రక్తం, ఏడుపు, పొద్దస్తమానం నిలబడే పని. జన్నారం, తిర్యాణి దిక్కు నుంచి మంచిర్యాల దవాఖానకు వచ్చిన ముసలవ్వను "నొప్పి ఎక్కడుంది?" అని గోండిల, కొలామిల అడగగలిగే నర్సు ఎంత విలువైనదో ఆ అవ్వను అడుగుర్రి. ఆ విద్యకు ఏ పేపర్ల అర మార్కు లేదు.

అందుకే మా అభిప్రాయం: ర్యాంకును సీటు పంచడానికి వాడుకోర్రి గానీ, "ఎస్టీ కోటాల వచ్చింది, ఇది పాస్ కాదు" అని ముందే తీర్పు ఇయ్యొద్దు. నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ఇంగ్లీష్, ఆప్టిట్యూడ్ భాగాలు మన దగ్గర కూడా పెట్టాలె. ఇంగ్లీష్ పెడితే మనోళ్లకే దెబ్బ అని కొందరంటరు. నిజమే, కొంత తగులుతది. కానీ సీటు వచ్చినంక మొదటి సెమిస్టర్‌ల తగిలే దెబ్బ ఇంకా పెద్దది, అప్పుడు పిల్ల ఇంటికొస్తది. కాబట్టి ఉట్నూరు ఐటీడీఏ సీటు వచ్చిన పిల్లలకు క్లాసులు మొదలు కాకముందే నెల రోజులు ఇంగ్లీష్, అనాటమీ పదాలు చెప్పించాలె. ఏ ర్యాంకుతో చేరినోళ్లు ఎంతమంది పాసైన్రో యూనివర్సిటీ కూడా పేర్లు లేకుండా లెక్క బయటపెట్టాలె.

ఐటీడీఏకు ఇచ్చే కాయిదం మేం రాస్తున్నం. ఇప్పటికే నర్సింగ్ చదువుతున్న అక్కలు, తమ్ముళ్లు మీ ర్యాంకెంత, ఏ సబ్జెక్టు కాడ ఆగిన్రు, ఎట్ల గట్టెక్కిన్రు, కింద రాయుర్రి. అవి కూడా దాంట్లో జతచేస్తం.