పీకడం సులువు, కాపాడడం ఖరీదు

పంటి నొప్పితో ప్రభుత్వ ఆసుపత్రి గడప తొక్కే పేదవానికి సాధారణంగా దక్కేవి రెండే: నొప్పి మాత్రలు, లేదా పన్ను పీకివేత. అదే నొప్పితో ప్రైవేటు క్లినిక్‌కు వెళ్లగల స్తోమత ఉన్నవానికి మూడో మార్గం ఉంది. అదే రూట్ కెనాల్ చికిత్స. జబ్బు ఒకటే అయినా పన్ను ఉండేదీ ఊడేదీ రోగి ఆదాయాన్ని బట్టి నిర్ణయమవుతున్నది. కనుక దీనిని కేవలం దంతవైద్య సమస్యగా కాక ప్రజారోగ్య విధాన సమస్యగా పరిశీలించవలసి ఉంది.

పంటి పైభాగాన ఎనామిల్ అనే గట్టి పొర, దాని కింద డెంటిన్, నడుమ నరాలు, రక్తనాళాలతో నిండిన మెత్తని దంతమజ్జ ఉంటాయి. మనం తినే తీపి పదార్థాలను నోటిలోని సూక్ష్మక్రిములు ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను క్రమంగా కరిగిస్తుంది. ఎనామిల్‌లో నరాలు లేవు గనుక తొలిదశలో నొప్పి తెలియదు. పుచ్చు దంతమజ్జను చేరినప్పుడు అసలు బాధ మొదలవుతుంది. శరీరంలో మరెక్కడైనా వాపు వస్తే అది వ్యాపించడానికి చోటుంటుంది. పంటి లోపల ఆ చోటు లేదు. గట్టి గోడల నడుమ ఒత్తిడి పెరిగి, రాత్రిపూట నిద్ర పట్టనీయని పోటు పుడుతుంది.

కొన్నాళ్లకు నరం చచ్చిపోయి నొప్పి దానంతటదే తగ్గుతుంది. జబ్బు నయమైందని రోగి ఊరట చెందుతాడు. నిజానికి అది మరింత ప్రమాదకరమైన దశ. చీము వేరు కొస ద్వారా దవడ ఎముకలోకి దిగుతుంది. అరుదుగానైనా అది మెడ భాగానికి పాకి శ్వాసకు అడ్డుపడి ప్రాణాల మీదికి తెచ్చిన సందర్భాలు వైద్యులకు సుపరిచితమే.

ఈ దశలో చాలామంది ఆశ్రయించేది మందుల దుకాణాన్ని. యాంటిబయాటిక్ మాత్రలు రక్తం ద్వారానే వ్యాధి సోకిన చోటికి చేరాలి. చచ్చిపోయిన దంతమజ్జలో రక్తప్రసారమే ఉండదు. కనుక ఆ మాత్రలు జబ్బుకు మూలమైన చోటికి చేరలేవు. జ్వరం, ముఖం వాపు వంటి లక్షణాలు లేని పంటి నొప్పికి చాలా సందర్భాలలో యాంటిబయాటిక్స్ అక్కరలేదని అమెరికా దంతవైద్య సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. అనవసరంగా వాడిన ప్రతి మాత్రా క్రిములు మందుకు లొంగకుండా పోయే ముప్పును పెంచుతుంది. ఆ ముప్పును అరికట్టడానికి మన దేశం 2017లోనే జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది.

రూట్ కెనాల్ చికిత్స చేసే పని సూత్రరీత్యా సరళమైనది. మత్తు ఇచ్చి, పంటికి రంధ్రం చేసి, చెడిన దంతమజ్జను తొలగిస్తారు. వేళ్ల లోపలి సన్నని కాలువలను సూదుల వంటి ఫైళ్లతో గీకి, క్రిమిసంహారక ద్రవంతో కడిగి, గట్టాపెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో పూడ్చివేస్తారు. ముందు పంటికి సాధారణంగా ఒకే కాలువ ఉంటుంది. పైదవడ మొదటి పెద్ద దంతానికి తరచు నాలుగు ఉంటాయి. వాటిలో ఒక్కటి కంటబడకపోయినా జబ్బు తిరగబెడుతుంది. అందుకే ఈ పనికి ఎక్స్‌రే, ఓపిక, సమయం అవసరం. పన్ను పీకడం సులువుగా, దానిని కాపాడడం ఖరీదుగా ఉండడానికి కారణం ఇదే.

ఆ ఖర్చు వృథా కాదనడానికి తగిన ఆధారం ఉంది. అమెరికాలో బీమా రికార్డుల ఆధారంగా 14 లక్షలకు పైగా పళ్లను పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, చికిత్స జరిగిన ఎనిమిదేళ్ల తరువాత కూడా 97 శాతం పళ్లు నోటిలో నిలిచే ఉన్నట్లు తేలింది. తీసివేయవలసి వచ్చిన పళ్లలో 85 శాతానికి పూర్తి తొడుగు లేకపోవడం గమనార్హం. ఖర్చుకు వెరచి, నొప్పి తగ్గింది గదా అని తొడుగు వేయించుకోని రోగులు మన దేశంలోనూ తక్కువేమీ కాదు. కాగా, ఈ చికిత్స ఇతర వ్యాధులకు దారితీస్తుందన్న ప్రచారం 20వ శతాబ్దపు తొలి దశకాలలో పుట్టి, తదుపరి పరిశోధనలలో నిలవక వీగిపోయినది.

సమస్య విస్తృతి స్వల్పమైనది కాదు. ప్రపంచవ్యాప్తంగా 350 కోట్ల మంది నోటి వ్యాధులతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక అంచనా వేసింది. మన దేశంలో 2002-03లో జరిగిన జాతీయ సర్వేలో 12 ఏళ్ల పిల్లల్లో సగానికి పైగా, 35-44 ఏళ్ల వారిలో సుమారు 80 శాతం మందికి పుచ్చు పళ్లున్నట్లు వెల్లడైంది. ప్రపంచంలో చక్కెరను అత్యధికంగా వినియోగించే దేశం మనదే.

ఇక ఖర్చు భరించేదెవరు? కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకంలో రూట్ కెనాల్‌కు ధర నిర్ణయించి ఉంది. సామాన్యునికి ఆ వెసులుబాటు లేదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ గానీ, 2018లో కేంద్రం ప్రారంభించిన ఆయుష్మాన్ భారత్ బీమా గానీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలను దృష్టిలో ఉంచుకొని రూపొందినవి. కుర్చీలో కూర్చుని చేయించుకొని ఇంటికి వెళ్లే పంటి చికిత్సకు వాటిలో చోటు బహు స్వల్పం. ప్రైవేటు బీమా పాలసీలు కూడా ప్రమాదంలో పళ్లు దెబ్బతింటే తప్ప సాధారణంగా దంత చికిత్సకు పరిహారం ఇవ్వవు.

దంతవైద్యుల కొరత వల్లే ఈ దుస్థితి అనుకుంటే పొరపాటు. దేశంలో 300కు పైగా దంతవైద్య కళాశాలలున్నాయి. వాటిలో అత్యధికం ప్రైవేటువే. సుమారు ఏడు వేల బీడీఎస్ సీట్లు మిగిలిపోయిన స్థితిలో ప్రవేశార్హత పర్సంటైల్‌ను పది తగ్గించాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఒకవైపు చదివేవారు లేక సీట్లు ఖాళీ, మరొకవైపు వైద్యుడు లేక పల్లెల్లో దంతాలు ఖాళీ! 1948 నాటి చట్టం స్థానే 2023లో పార్లమెంటు జాతీయ దంత కమిషన్ చట్టాన్ని ఆమోదించింది. అయితే చట్టం పేరు మారినంత మాత్రాన ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దంతవైద్యుని కుర్చీ వెలయదు.

పొరుగున ఉన్న శ్రీలంక 1950 దశకంలోనే న్యూజిలాండ్ సహాయంతో పాఠశాల దంత చికిత్సకులకు శిక్షణ ప్రారంభించింది. పిల్లల పళ్లను బడిలోనే పరీక్షించి, చిన్న పుచ్చును అక్కడే పూడ్చే ఏర్పాటు అది. గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోకూడదన్న నానుడికి ఇంతకు మించిన ఉదాహరణ ఉండదు. పుచ్చును డ్రిల్లింగ్ లేకుండానే నిలువరించగల సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ వంటి ద్రావణాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. మన దేశంలో 2014-15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఈ దిశలో వేసిన అడుగే అయినా, దాని వేగం సమస్యకు తగినట్లు లేదు.

తక్షణం చేయదగినవి రెండున్నాయి. జిల్లా ఆసుపత్రులలో రూట్ కెనాల్‌ను, దానితో పాటు తొడుగును, ఉచిత సేవల పరిధిలోకి తేవాలి. బడి పిల్లల పళ్ల పరీక్షను ఏటా తప్పనిసరి చేసి, పుచ్చు కనిపించిన నాడే పూడ్చే ఏర్పాటు చేయాలి. మొదటిది నేటి రోగి పంటిని కాపాడుతుంది. రెండవది రేపు అతని బిడ్డకు ఆ చికిత్స అవసరమే లేకుండా చేస్తుంది.