ఫోను ఇంటిల్లిపాదిదీ, మెసేజీలు అమ్మవి

పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయ్యాక ఆరో తరగతి అమ్మాయి తల్లి ఒకరు అందరూ వెళ్లేదాకా బెంచీ మీద కూర్చుని, ఆ తర్వాత నా దగ్గరికి వచ్చారు. మార్కుల గురించి కాదు. "పాప ఈ మధ్య ఏమీ అడగట్లేదు మేడమ్. టూర్‌కి పోతానని కూడా అనలేదు. అదే నాకు భయంగా ఉండాది" అన్నారు. జరిగిందేమిటంటే, హోంవర్కు చూసుకోవడానికి ఫోను తీసుకున్నప్పుడు తెర మీద ఒక మెసేజి వచ్చింది. శెనక్కాయ పంటకని కుదువ పెట్టిన బంగారానికి గడువు దాటింది, కట్టకపోతే వేలం వేస్తామని. పదకొండేళ్ల పిల్ల అది చదివింది, ఎవరికీ చెప్పలేదు. తన ఫీజు వల్లే అమ్మ గాజులు పోతున్నాయని తనకు తానే లెక్క కట్టుకుంది.

ఇందులో పాప తప్పు లేదు. ఫోను తీసుకోమన్నది మేమే. హోంవర్కు వాట్సాప్ గ్రూపులో పెడుతున్నది మేమే.

కొత్తచెరువులో చాలా ఇళ్ల సంగతి నాకు తెలుసు. నాయన బెంగళూరులో పనికి పోతాడు, లేదంటే ధర్మవరంలో మగ్గం దగ్గర ఉంటాడు. ఆయన ఫోను ఆయనతోనే పోతుంది. ఇంట్లో మిగిలేది అమ్మ ఫోను ఒక్కటే. సాయంత్రం ఆరు దాటితే అది అక్కకు హోంవర్కు, తమ్ముడికి కార్టూన్లు, అవ్వకు ఊళ్లో ఉన్న కూతురితో వీడియో కాల్. అందులోనే బ్యాంకు, ఫోన్‌పే, డాక్టరు రాసిన రిపోర్టు, చెల్లెలితో చెప్పుకున్న కష్టం కూడా ఉంటాయి. బీరువాకు తాళం వేస్తే ఎవరూ ఏమీ అనరు. ఫోనులో ఒక యాప్‌కు తాళం వేస్తే మాత్రం "ఏం దాస్తున్నావు?" అని అడుగుతారు, అదీ ఎక్కువగా ఆడవాళ్లనే. ఆ ప్రశ్నే సరికాదని నా అభిప్రాయం. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులతో ఏకగ్రీవంగా చెప్పింది. ఆ కేసు వేసింది మన పక్కనే బెంగళూరులో ఉండిన విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి గారు. తీర్పు వచ్చేనాటికి ఆయన వయసు 91 ఏళ్లు. వంటింట్లో ఉన్న అమ్మకు ఆ హక్కు వర్తించదని ఎవరూ చెప్పలేదు.

ఇక చేయాల్సిన పని. మొదట తెర మీద కనిపించే మెసేజీల సంగతి చూడండి. యాప్‌లన్నిటికీ తాళం వేసి దీన్ని వదిలేస్తే లాభం లేదు, ఓటీపీ అయినా వేలం నోటీసు అయినా తాళం తీయకముందే పైన కనిపిస్తుంది. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లలోకి పోయి, లాక్ స్క్రీన్ మీద మెసేజి వచ్చిందని మాత్రమే తెలిసేలా, లోపలి మాటలు కనిపించకుండా పెట్టుకోండి. తర్వాత రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఉండే యాప్ లాక్. సెట్టింగ్స్‌లో పైన వెతికే చోట ఆ పేరు కొడితే దొరుకుతుంది. బ్యాంకు యాప్‌తో పాటు మెసేజీలకూ, ఫోటోలకూ వేయండి. వాట్సాప్ మొత్తానికి వేస్తే హోంవర్కు చూడటానికి ఉండదు కాబట్టి, 2023లో వచ్చిన చాట్ లాక్‌తో మీ సొంత సంభాషణలను మాత్రం విడిగా దాచుకోవచ్చు. చిన్నవాడికి కార్టూన్ పెట్టి ఇచ్చేటప్పుడు యాప్ పిన్నింగ్ వాడితే వాడు ఆ ఒక్క యాప్ దాటి బయటికి రాలేడు. ఐఫోనులో దాన్నే గైడెడ్ యాక్సెస్ అంటారు.

చాలామంది మరిచిపోయేది వేలిముద్ర. ముద్దుగా బాబు వేలు కూడా ఫోనులో ఎక్కిస్తాం. ఆ వేలు తెరనే కాదు, వేలిముద్రతో తెరుచుకునే యాప్‌లను కూడా తెరుస్తుంది. ఈరోజే పోయి ఎవరెవరి వేళ్లు ఉన్నాయో చూడండి. యాప్ లాక్‌కు పెట్టే నంబరు కూడా ఫోను నంబరుకు వేరుగా ఉండాలి. బండి నంబరు, పుట్టినరోజు పెట్టకండి. అవి మీకంటే మీ పిల్లలకే బాగా గుర్తుంటాయి.

కొన్ని ఇళ్లలో కథ తిరగబడి ఉంటుంది. అవ్వకు ఇంగ్లీషు రాదు, డబ్బు పంపేది మనవడే, పిన్ తెలిసిందీ మనవడికే. వాడిని అనుమానించమని నేను చెప్పను. కానీ పదమూడేళ్ల వాడి మీద ఇంటి డబ్బు భారం పెట్టడం వాడికే మంచిది కాదు. ఆటలో ఏదో కొనమని స్నేహితుడు ఒత్తిడి చేసిన రోజు వాడు ఇబ్బంది పడతాడు. అంగడికి పంపాల్సి వస్తే యూపీఐ లైట్‌లో రెండు మూడు వందలు వేసి ఉంచండి. చిన్న మొత్తాలకు అది పిన్ అడగదు, పోతే పోయేది అందులో ఉన్నంతే. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగేస్తే మాత్రం కోపంతో పిల్లల్ని కొట్టే ముందు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

తాళం వేశాక పిల్లలకు చెప్పండి. "ఇది అమ్మది, ఇది నీది" అంటే వాళ్లు అర్థం చేసుకుంటారు. దొంగచాటుగా వేస్తేనే తెరవాలనిపిస్తుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు స్నేహితులతో మాట్లాడుకునేది ప్రతి రాత్రీ తిరగేయడం కూడా మానండి. ఈ మాటకు కొందరు నాన్నలు నాతో గొడవ పడతారని తెలుసు, పడండి.

ఆ పాప విషయానికి వస్తే, వడ్డీ కట్టి గడువు పెంచుకున్నామని తల్లి కూర్చోబెట్టి చెప్పారట. మరుసటి రోజు టూర్ కాగితం మీద సంతకం పెట్టించుకుని వచ్చింది.

హోంవర్కు డైరీలో రాయించి, గ్రూపులో పెట్టడం తగ్గించమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆలోచిస్తామన్నారు. ఈలోగా వచ్చే మీటింగ్‌కు ఫోను తెచ్చుకోండి. అయ్యాక కంప్యూటర్ ల్యాబ్‌లో ఉంటాను, ఒక్కొక్కరికీ దగ్గరుండి పెట్టిస్తాను. నంబరు మాత్రం నాకు చెప్పకండి, మీరే నొక్కండి, నేను అటు తిరిగి నిలబడతాను.