తెగులుకు లొంగని గడ్డ ఎవరి సొత్తు?

పత్తికి పురుగొస్తే మందు కొడతాం. ఆలుగడ్డకు వైరస్ వస్తే దాన్ని పోగొట్టే మందే లేదు. ఆకు ముడుచుకుంటది, మచ్చలు పడతయి, గడ్డ ఊరదు. అంతటితో పోతే బాగుండును. ఆ గడ్డనే మళ్ళీ విత్తనంగా పెడితే రోగం కూడా దాంతోపాటే భూమిలోకి దిగుతుంది. ఏటేటా దిగుబడి జారిపోతుంది.

అందుకే జహీరాబాద్ వైపు ఆలుగడ్డ వేసే రైతు విత్తనం ఉత్తరాది నుంచి తెప్పించుకుంటాడు. ఈ రోగాన్ని మొక్క నుంచి మొక్కకు మోసేది పేనుబంక. అక్కడ చలికాలంలో కొన్ని వారాలు దాని బెడద తక్కువ. ఎకరాకు పది క్వింటాళ్ళ దాకా విత్తన గడ్డ కావాలి. రెండెకరాల అసైన్డు భూమి ఉన్నవాడు అంత సొమ్ము ఎక్కడ తెస్తాడు? వాడు ఆలుగడ్డ వేయడు, ఆలుగడ్డ తవ్వే కూలికి పోతాడు.

పేనుబంకను చంపితే సరిపోదా అంటాడు మందుల దుకాణం ఆయన. ఆకుముడత వైరస్‌కు అది కొంత పనిచేస్తుంది, ఎందుకంటే దాన్ని ఎక్కించాలంటే పేనుబంక గంటల తరబడి రసం పీల్చాలి. ‘వై’ వైరస్ అట్లా కాదు. నిమిషం చాలు. మందు తగిలి పురుగు చచ్చేలోపే దాని పని అయిపోతుంది. మందు డబ్బులు మాత్రం తిరిగి రావు.

మరి దారి? వై వైరస్‌ను తనలో పెరగనివ్వని గుణం కొన్ని గడ్డలకు పుట్టుకతోనే ఉంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో ఆదివాసీలు వేల ఏళ్ళుగా పండిస్తున్న ‘ఆండిజెనా’ గడ్డల్లో అట్లాంటి జన్యువు దొరికింది. శాస్త్రవేత్తలు దానికి ఆర్‌వై-ఎడిజి అని పేరు పెట్టారు. పుప్పొడి అద్ది సంకరం చేసి, వేల మొలకల్లో ఏరి ఏరి, పదేళ్ళో అంతకు మించో పనిచేస్తే గాని ఒక రకం చేతికి రాదు. ఆ శ్రమను తక్కువ చేయను. కానీ అంతకు ముందు ఆ గడ్డను బతికించిన కెచువా, ఐమారా జనం శ్రమ ఏ కాగితం మీద రాసుంది? పెరూలో పీసాక్ దగ్గరి ‘ఆలుగడ్డ పార్కు’ ఊళ్ళు 2004లో లిమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రంతో ఒప్పందం చేసుకుని, తమ పాత రకాలను వైరస్ లేకుండా శుభ్రం చేయించి వందల్లో వెనక్కి తెచ్చుకున్నాయి. ఊరికే రాలేదు, పట్టుబట్టి తెచ్చుకున్నారు. శుభ్రం చేసిన గడ్డకు మళ్ళీ రోగం తగలొచ్చు. పుట్టుకతో గుణం ఉన్నదాన్ని వై వైరస్ ఏమీ చేయలేదు, మిగతా వైరస్‌లు మాత్రం పట్టొచ్చు. రెండు పనులూ కావాలి.

ఇక మన దేశం సంగతి. తన చిప్స్ రకం గడ్డ వేశారని 2019లో పెప్సీ కంపెనీ గుజరాత్‌లో నలుగురు రైతుల మీద తలా కోటీ ఐదు లక్షలకు దావా వేసింది. దేశమంతా గోల లేచాక మే నెలలో వెనక్కి తగ్గింది. చిప్స్ గడ్డకే ఇంత చేసినవాడు, రోగం రాని గడ్డ చేతికి చిక్కితే ఊరుకుంటాడా?

2001 చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంటను విత్తనంగా దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు విత్తనంగా అమ్మకూడదు, అంతే. కార్యకర్తలు ఈ సెక్షన్ నకలు జేబులో పెట్టుకుని తిరగాలి. రైతు సదస్సుకు వచ్చే శాస్త్రవేత్తను నిలబెట్టి అడగాలి: అయ్యా, వైరస్‌కు లొంగని రకం సర్కారు ఖర్చుతో మా నేలకు తయారుచేసి, విత్తనం మేమే కట్టుకునేట్టు ఎప్పుడిస్తారు? గడ్డ దాచుకోను మండలానికో చల్లని గిడ్డంగి ఎవరు కట్టిస్తారు?