ఓవర్‌క్లాకింగ్ బోర్డు కొనండి, ఓవర్‌క్లాక్ చేయకండి

ఆమడగూరు, గోరంట్ల, హిందూపురం వైపు పిల్లలు సొంతంగా డెస్క్‌టాప్ బిగించుకోవాలనుకుంటే హైదరాబాదు దాకా పోరు. పొద్దున్నే బస్సెక్కి, కొడికొండ చెక్‌పోస్టు దాటి, బాగేపల్లి, చిక్కబళ్లాపురం మీదుగా బెంగళూరు చేరి, సిటీ మార్కెట్టుకు దగ్గర్లోని ఎస్పీ రోడ్డులో తేలతారు. సాదర్ పత్రప్ప రోడ్డు అని దాని పూర్తి పేరు. అట్టపెట్టెలు తల ఎత్తు దాకా పేర్చిన అంగళ్ల ముందు నిలబడి వాళ్లు అడిగే మొదటి మాట దాదాపు ఒకటే: "అన్నా, ఈ బోర్డులో ఓవర్‌క్లాకింగ్ అవుతుందా?" నాకు ఫోన్ చేసి అడిగేదీ అదే. నా జవాబు మాత్రం వాళ్లకు రుచించదు. ఓవర్‌క్లాకింగ్‌కు పనికొచ్చే బోర్డే కొనండి, కొన్నాక ఓవర్‌క్లాక్ చేయకండి అంటాను. ఎందుకలా అంటానో ఈ వారం వివరంగా రాస్తాను.

ప్రాసెసర్‌ను కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువగా నడపాలనే ఈ మోజు ఊరికే పుట్టలేదు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ అనే చౌక ప్రాసెసర్ తెచ్చింది. వేగం 300 మెగాహెర్ట్జ్, ప్రాసెసర్‌ను బోర్డుతో కలిపే బస్సు వేగం 66 మెగాహెర్ట్జ్. దాన్ని ఎబిట్ బీహెచ్6 లాంటి మదర్‌బోర్డులో పెట్టి, బస్సును 100కు మారిస్తే చాలు, చాలా చిప్పులు 450 దగ్గర నిక్షేపంగా నడిచేవి. పైసా ఖర్చు లేకుండా సగానికి సగం అదనపు వేగం! ఆ తర్వాత ఏఎండీ అథ్లాన్, డ్యూరాన్ చిప్పుల మీద కంపెనీ తెంచిపెట్టిన సన్నటి గీతలను మామూలు పెన్సిలుతో రుద్ది కలిపి, వేగం తాళం తీసినవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. పెన్సిలులోని గ్రాఫైటు గుండా కరెంటు పారుతుంది కాబట్టి అది సాధ్యమైంది. తక్కువ దుడ్లకు ఎక్కువ పని చేయించుకోవడం ఎవరికి చేదు? ఆచితూచి ఖర్చుపెట్టే ఇళ్లలోని పిల్లలకు ఆ ఆశ ఇంకా ఎక్కువగా ఉంటుంది. అది తప్పని నేను అనను.

అయితే ఆ మిగులు ఇప్పుడు చిప్పులో లేదు. ఫ్యాక్టరీలోనే పిండేస్తున్నారు. 2023 అక్టోబరులో వచ్చిన కోర్ ఐ9-14900కె పెట్టెలోంచి తీసిన రోజునే 6 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకుతుంది. రైజెన్ 7000 చిప్పులు 95 డిగ్రీల వరకు వేడెక్కడానికి సిద్ధపడి, చల్లదనం ఎంత దొరికితే అంత వేగం తమంతట తామే అందుకుంటాయి. ఇక మన చేతికి మిగిలేది కొద్ది శాతమే. ఆ కాస్త కోసం వోల్టేజి పెంచాలి, అక్కడే లెక్క తిరగబడుతుంది. చిప్పు తినే వాట్లు వేగం పెరిగినంతే పెరుగుతాయి, వోల్టేజి విషయంలో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతాయి. 1.20 వోల్టులను 1.32 చేశారనుకోండి. పెంచింది 10 శాతమే అయినా వేడి 21 శాతం పెరుగుతుంది. దాని మీద వేగం 5 శాతం పెంచితే మొత్తం కలిపి 27 శాతం. 5 శాతం పనికి 27 శాతం వేడి కొనుక్కున్నట్టు.

ఆ వేడి ఎక్కడికి పోవాలి? హీట్‌సింక్ ఎంత పెద్దదైనా చిప్పును గదిలోని గాలికన్నా చల్లగా చేయలేదు. దాని పనితనమంతా గాలికీ చిప్పుకూ మధ్య ఉన్న తేడా మీదే ఆధారపడి ఉంటుంది. ఏసీ వేసిన 24 డిగ్రీల గదిలో 75 చూపించే చిప్పు, అదే కూలరుతో అదే పని చేస్తూ, 39 డిగ్రీల గదిలో 90 చూపిస్తుంది. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు ఆమడగూరులో స్లాబు కింది గది ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దుగూకి చాలాసేపైనా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. పైగా దుమ్ము. ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోయే నేల మనది. గాలి తోలిందంటే ఎర్రమట్టి కిటికీ సందుల్లోంచి దూరి, ఫ్యాన్ రెక్కల మీదా హీట్‌సింక్ పలకల మధ్యా పొరగా పేరుకుంటుంది. జనవరిలో కుదిరిందనుకున్న ఓవర్‌క్లాకింగ్ ఏప్రిల్లో నీలితెర చూపించేది అందుకే. 2023లో ద్రవ హీలియం పోసి ప్రాసెసర్‌ను 9 గిగాహెర్ట్జ్ దాటించారు. అది కాసేపటి పోటీ, చూసి ఆనందించాల్సిందే. మన ఇంట్లోని యంత్రం ఏళ్లతరబడి నడవాలి.

మరి ఆ ఖరీదైన బోర్డు ఎందుకంటారా? దాని వీఆర్‌ఎం కోసం. మదర్‌బోర్డును చేతిలోకి తీసుకుని ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కనా పైనా చూడండి. బూడిదరంగు చదరపు దిమ్మెలు వరసగా ఉంటాయి, అవి చోక్‌లు. వాటిని ఆనుకుని ఉన్న చిన్న నల్ల చిప్పులు మాస్‌ఫెట్లు. పొట్టి డబ్బాల్లా గుండ్రంగా ఉన్నవి కెపాసిటర్లు. మంచి బోర్డుల్లో మాస్‌ఫెట్ల మీద బరువైన అల్యూమినియం హీట్‌సింక్ కప్పి ఉంటుంది. ఇవన్నీ కలిస్తేనే వీఆర్‌ఎం. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన 1.2 వోల్టుల దరిదాపులకు దించడం దీని పని. వోల్టేజి దిగితే ఆంపియర్లు పెరుగుతాయి. 200 వాట్లు తినే ప్రాసెసర్‌కు 1.2 వోల్టుల దగ్గర 160 ఆంపియర్లకు పైగా పారాలి. ఇంటి మీటరు దగ్గర 32 ఆంపియర్ల ఎంసీబీ ఉందనుకుంటే, దానికి అయిదు రెట్లు కరెంటు అరచేతి వెడల్పు లేని జాగాలో పారుతోందన్నమాట. నూటికి తొంభై వంతులు సరిగ్గా అందించే వీఆర్‌ఎం అయినా ఇరవై వాట్లకు పైగా తన మీదే వేడిగా మిగుల్చుకుంటుంది.

లోతుకు తగ్గ మోటారు దించకపోతే బోరు దగ్గర వైండింగ్ కాలిపోవడం రైతులందరికీ తెలుసు. ఇక్కడా జరిగేది అదే. నాలుగైదు చోక్‌లతో, హీట్‌సింక్ లేకుండా వచ్చే చౌక బోర్డులో పెద్ద ప్రాసెసర్ పెడితే, ఓవర్‌క్లాక్ చేయకపోయినా వీఆర్‌ఎం 100 డిగ్రీలు దాటి, ప్రాసెసర్ వేగాన్ని కిందికి లాగేస్తుంది. కెపాసిటర్ల ఆయుష్షుకు ఇంజనీర్లు ఓ మోటు లెక్క వాడతారు: పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపు, పది పెరిగితే సగం. మన గదికి ఆ లెక్క వేసి చూసుకోండి. ఓవర్‌క్లాకింగ్ కోసం తయారైన బోర్డులో ఈ సరంజామా దండిగా ఉంటుంది. దాన్ని వేగం మీద ఖర్చుపెట్టకుండా ఎండల కోసం దాచుకోమంటున్నాను.

ఇక పేర్లు. ఇంటెల్‌లో ప్రాసెసర్ వేగం పెంచాలంటే చిప్పు పేరు చివర కె ఉండాలి, బోర్డు జెడ్ వరసది కావాలి. బి760లో ర్యామ్ వేగం వరకే పెంచుకోనిస్తారు, హెచ్610లో అదీ లేదు. ఏఎండీలో బి650, బి850 బోర్డులకు కూడా ఆ సౌకర్యం ఉంది, ఏ620కు లేదు. జెడ్ దాకా పోకుండా నడిమి ధరలోనే అన్ని మీటలూ దొరుకుతాయి కాబట్టి, మన వైపు ఇళ్లకు వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ ఉన్న బి650 లేదా బి850 బోర్డు నా ఎంపిక. ఈ బోర్డుల ఏఎం5 సాకెట్‌కు 2027లోనూ, ఆ తర్వాత కూడా కొత్త ప్రాసెసర్లు వస్తాయని ఏఎండీ చెప్పింది. ఇప్పుడు చిన్న చిప్పు పెట్టుకుని, చేతిలో డబ్బు ఆడినప్పుడు పెద్దది వేసుకోవచ్చు.

వేగం, వోల్టేజి మార్చే ఆ మీటలను పైకి కాకుండా కిందికి తిప్పండి. వోల్టేజిని 1.20 నుంచి 1.10కి దించగలిగితే అదే వేగంలో వేడి 16 శాతం తగ్గుతుంది. అన్నిటికన్నా సులువైనది ఎకో మోడ్. రైజెన్ 9 7950ఎక్స్ మామూలుగా సాకెట్ నుంచి 230 వాట్ల దాకా లాగుతుంది. 65 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే 88 వాట్లు దాటదు. పని కొంత నెమ్మదిస్తుంది, వాట్లు తగ్గినంతగా మాత్రం కాదు. ఇంకాస్త ఓపిక ఉంటే బయోస్‌లో పీబీవో కింద కర్వ్ ఆప్టిమైజర్ ఉంటుంది. నెగెటివ్ 10తో మొదలుపెట్టండి, ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. ఓ పూటంతా గట్టిగా పని చేయించి, ఎక్కడా ఆగకపోతే 15కు పోండి. దానికదే రీస్టార్ట్ అయిందంటే వెనక్కి రండి. పీబీవో వాడితే వారంటీకి ఇబ్బంది రావచ్చు కనుక ముందు ఎకో మోడ్ చూడమంటాను. ర్యామ్‌ను దాని పెట్టె మీద రాసిన వేగంతో నడిపే ఎక్స్‌పో ఆన్ చేయడం కూడా సాంకేతికంగా ఓవర్‌క్లాకింగే, దానికి మాత్రం నాకు అభ్యంతరం లేదు. లేకుంటే 6000 ర్యామ్ కొని 4800 దగ్గర నడుపుకున్నట్టే. అయితే బయోస్ కొత్తది కావాలి. 2023లో కొన్ని బోర్డులు ఎక్స్‌పో పేరుతో ఎస్‌ఓసీ వోల్టేజి మితిమీరి పెంచడంతో రైజెన్ ఎక్స్3డి చిప్పులు కాలిపోయాయి. తర్వాత ఏఎండీ దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసింది.

వోల్టేజి ఎంత పని చేస్తుందో 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్పులు వాడినవాళ్లు కళ్లారా చూశారు. ఏ సెట్టింగూ ముట్టుకోని వాళ్ల యంత్రాలు కూడా ఆటల మధ్యలో ఆగిపోయాయి. చిప్పు అవసరానికి మించి వోల్టేజి అడగడం, చాలా బోర్డులు కరెంటు పరిమితులు ఎత్తేసి అమ్మకానికి రావడం రెండూ కారణాలని తేలింది. ఆగస్టులో ఇంటెల్ మైక్రోకోడ్ దిద్దుబాటు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పు ఆ దిద్దుబాటుతో బాగవదు.

ఇలాంటి దిద్దుబాట్లన్నీ బయోస్ అప్‌డేట్ రూపంలోనే వస్తాయి. అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే బోర్డు మూగబోతుంది. అందుకే బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు తీసుకోవాలి. పెన్‌డ్రైవ్ గుచ్చి ఆ బటన్ నొక్కితే, ప్రాసెసర్ లేకపోయినా బోర్డు మళ్లీ లేస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని పల్లెకు రంగురంగుల లైట్లకన్నా ఈ ఒక్క బటన్ విలువైనది.

బోర్డుకన్నా ముందు చూడాల్సినది ఇంకోటుంది. కేబినెట్ ఇనుమును ముట్టుకుంటే జివ్వున లాగుతోందా? చాలామంది కంప్యూటర్లకు అది మామూలే అనుకుంటారు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ కేబినెట్‌కు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే ఆ కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే కేబినెట్ మీద 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు స్వల్పమే గానీ, ర్యామ్ మార్చడానికి చేయి పెట్టినప్పుడు, యూఎస్‌బీ గుచ్చినప్పుడు దెబ్బ తినేవి బోర్డులోని సున్నితమైన భాగాలే. మన నేలలో చిక్కేమిటంటే, ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గుంత తీసినా తడి లేకపోతే అది పని చేయదు. ఎండాకాలం గుంత ఎండిపోతే ఎర్త్ ఉన్నా లేనట్టే. తాగే నీళ్లకే కటకటగా ఉన్నప్పుడు బిందెడు నీళ్లు అందులో పోయమనడం నాకూ కష్టమే. అందుకే కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ గుంతను గిన్నెలు కడిగిన నీళ్లు పారే చోట తీయించండి. ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేసి పనైపోయిందనే ఎలక్ట్రీషియన్ మాట మాత్రం వినవద్దు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కేబినెట్ మీదికి 230 వోల్టులూ వస్తాయి, ప్రాణం పోతుంది.

ధర్మవరంలో పట్టుచీరల డిజైన్లు గీసే కంప్యూటర్లను తలచుకుంటే నా వాదన మరింత స్పష్టమవుతుంది. తెర మీది గళ్లను ఒక్కొక్కటే నింపుతూ అంచు, కొంగు తయారుచేస్తారు. ఆ గళ్లే జాకార్డ్ అట్టల మీద కన్నాలవుతాయి, ఆ కన్నాలను బట్టే మగ్గం మీద పోగులు లేస్తాయి. హద్దు మీరిన ఓవర్‌క్లాకింగ్ ప్రతిసారీ నీలితెరతో బయటపడదు. చప్పుడు లేకుండా ఫైల్లో ఓ చోట తప్పు రాసేసి ఊరుకుంటుంది కూడా. ఒక గడి తప్పితే, ఆ గడి ఉన్న పువ్వు పడిన ప్రతిచోటా తప్పు పడుతుంది. ఇంట్లో కూర్చుని లెక్కలు రాసే కుర్రాడికీ, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కుర్రాడికీ కావలసింది సాయంత్రం దాకా తప్పు చేయకుండా నడిచే యంత్రమే.

కొనే రోజు ఒక పని మరవద్దు. అంగడిలోనే సాకెట్ మూత తీయించి, ఫోన్ టార్చి వాలుగా వేసి పిన్నులు చూడండి. అన్నీ ఒకే వరుసలో మెరవాలి. ఒక్కటి వంగినా వారంటీ వర్తించదు, ఇంటికి చేరాక చెబితే ఎవరూ నమ్మరు. ఆ ప్లాస్టిక్ మూతను పెట్టెలోనే దాచండి, మరమ్మతుకు పంపేటప్పుడు అది అడుగుతారు. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి. సర్వీసు కోసం మళ్లీ బెంగళూరు పోవాల్సి వస్తుంది కాబట్టి, ఆ కంపెనీ సర్వీసు కేంద్రం అక్కడ ఏ వీధిలో ఉందో ముందే కనుక్కోండి.

తెలుగులో కంప్యూటర్ భాగాల మీద వీడియోలు చేసేవాళ్లకు ఒక విన్నపం. బోర్డును ఏసీ గదిలో, బల్ల మీద విడిగా పెట్టి పరీక్షించి మార్కులు వేయకండి. మే నెల మధ్యాహ్నం ఏసీ ఆపి, కేబినెట్ తలుపు మూసి, అరగంట పాటు ప్రాసెసర్‌తో పూర్తి పని చేయించండి. అప్పుడు వీఆర్‌ఎం ఎన్ని డిగ్రీలు చూపిందో, గది ఎన్ని డిగ్రీలుందో రెండూ తెర మీద రాయండి. కదిరిలో, పెనుకొండలో, ఆమడగూరులో కొనేవాళ్లు ఆ రెండు అంకెలు చూసి బోర్డు ఎంచుకుంటారు.