కొండ మీద ఏముంది?

విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక స్కూల్లో లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు ఒకప్పటి విద్యార్థి. సైన్యంలో చేరాడు. 1985లో సైనిక బృందంతో కలిసి ఎవరెస్ట్ ఎక్కడానికి వెళ్లి, తిరిగి రాలేదు. ఆ యాత్రలో మొత్తం అయిదుగురు అధికారులు ప్రాణాలు కోల్పోయారు.

ఈ కథ విన్న తల్లి ఎవరైనా 'ఆ కొండల జోలికి పోకు నాయనా' అనే అంటుంది. అదే స్కూల్లో చదువుకున్న ఒక కుర్రాడికి మాత్రం ఈ కథలో చావు కన్నా ఎవరెస్టే పెద్దగా కనిపించింది. అతనే మల్లి మస్తాన్‌బాబు.

నెల్లూరు జిల్లాలో గాంధీ జనసంఘం అనే చిన్న ఊరు అతనిది. జంషెడ్‌పూర్‌లో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎంటెక్, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆ తర్వాత కలకత్తా ఐఐఎం. ఇక పిల్లాడు స్థిరపడ్డట్టే అని ఏ ఇంట్లోనైనా ఊపిరి పీల్చుకునే సమయం. అతను మంచుకొండల దారి పట్టాడు.

2006 జనవరి 19న అంటార్కిటికాలో మొదటి శిఖరం ఎక్కాడు. జులై 10న అలస్కాలో ఏడోది. ఏడు ఖండాలు, ఏడు శిఖరాలు, 172 రోజులు. అప్పటికది ప్రపంచ రికార్డు. మధ్యలో, మే 21న ఎవరెస్ట్. సీనియర్ తిరిగిరాని ఆ కొండను ఇరవయ్యొక్కేళ్ల తర్వాత ఎక్కి, క్షేమంగా దిగి వచ్చాడు.

2015 మార్చి చివరివారంలో అర్జెంటీనా, చిలీ సరిహద్దులో ఉన్న ట్రెస్ క్రూసెస్ శిఖరం మీదికి ఒంటరిగా వెళ్లాడు. దాని ఎత్తు 6,700 మీటర్ల పైమాటే. అక్కడ పీల్చే గాలిలో అందే ప్రాణవాయువు, సముద్రమట్టంతో పోలిస్తే సగం కూడా ఉండదు. వాతావరణం ఎదురు తిరిగింది. కబురు ఆగిపోయింది. ఏప్రిల్ 3న అతని మృతదేహం కనిపించింది. వయసు నలభయ్యే.

అంత చదువు చదివి, ఎందుకిదంతా? ఊరంతా అడిగే ప్రశ్నే ఇది. తప్పు ప్రశ్నేమీ కాదు. కడుపుకోతకు రికార్డులు జవాబు కావు. ప్రమాదం కోసం ప్రమాదంలోకి దూకడం గొప్పా కాదు. అనుభవమున్న పర్వతారోహకులు వాతావరణం చూసుకుంటారు, శరీరాన్ని ఎత్తుకు అలవాటు చేసుకుంటారు, శిఖరం కనిపిస్తున్నా అవసరమైతే వెనుదిరుగుతారు. ఇన్ని చేసినా ఒక్కోసారి కొండదే పైచేయి.

అయినా ఒక్క మాట. భద్రంగా దాచుకున్నా ఖర్చయిపోయేది ఆయుష్షు. ఇంట్లో తలుపులు వేసుకుని కూర్చున్నా రోజులు తరుగుతూనే ఉంటాయి. వాటిని దేనిమీద ఖర్చుపెట్టాలన్నదే మనిషి చేతిలో ఉన్నది. మస్తాన్‌బాబు అది ముందే తేల్చుకున్నాడు. అతని మరణం చూసి కన్నీళ్లు పెట్టుకోవచ్చు. అతని బతుకు వృథా అని మాత్రం అనలేం.

అందరూ కొండలే ఎక్కనక్కర్లేదు. ఒకరికి సేద్యం, ఒకరికి సంగీతం, ఒకరికి మారుమూల పల్లెలో వైద్యం. రేపు ఇంట్లో పిల్లాడు అలాంటి కోరికేదో బయటపెడితే 'నీకేం పోయేకాలం?' అనేయడం తేలిక. 'ఎందుకు?' అని అడిగి, వాడు చెప్పేది చివరిదాకా వినడం కష్టం. ఆ కష్టం ఒక్కసారైనా పడాల్సిందే.