వెలలేని పని

జానెడు ఎత్తు, బూడిదరంగు ఒళ్లు, డబ్బావంటి తల, తలమీద నిలువుగా ఒక చిన్న కొమ్ము, ఎర్రదారంతో కుట్టిన రెండు కన్నులు. ఊలుతో అల్లి దూది కూరిన మరమనిషి బొమ్మ ఈనాడు ఎన్నో ఇండ్లలో పిల్లల ప్రక్కలో పడుకొని నిద్రపోతున్నది. పుట్టినరోజుకు అంగడి బొమ్మ కొనడానికి మారుగా ఇటువంటిది స్వయంగా అల్లి ఇవ్వడం చదువుకొంటున్న ఆడపిల్లలలోను, ఇప్పుడిప్పుడే కొందరు మగపిల్లలలోను ఒక ముచ్చటగా వ్యాపిస్తున్నది. జపానువారు ఈ తరహా బొమ్మలకు 'అమిగురుమి' అని పేరు పెట్టారు. అల్లిక అనే అర్థంగల 'అమి'కి, దూది కూరిన బొమ్మ అనే అర్థంగల 'నుయిగురుమి' మాట తోక చేరి ఆ పేరు ఏర్పడింది. పేరు జపానుదైనా పని తెలుగుదేశానికి క్రొత్తది కాదు. కొక్కెంగల ఒక చిన్న సూది, ఒక దారపు ఉండ. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల స్త్రీలు అరుగులమీద కూర్చుండి లేసు అల్లే పనిముట్లే ఇవి.

మరమనిషిని ఊలుతో అల్లడంలో ఒక విచిత్రమున్నది. లోకమంతా పలుకుతున్న 'రోబో' అనే మాట చెక్ దేశంలో పుట్టింది. కారెల్ చాపెక్ 1920లో ప్రచురించిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలో అది మొదట కనిపించింది; ఆ మరుసటి సంవత్సరం నాటకం ప్రాగ్ నగరంలో రంగస్థలమెక్కింది. మాటను సూచించినవాడు ఆయన అన్న యోసెఫ్, చిత్రకారుడు. 'రొబొత' అంటే భూస్వామికి రైతు విధిగా చేసి తీరవలసిన చాకిరి. తెలుగులో దానికి సరిగా సరిపోయే మాట ఉన్నది: వెట్టి. మరమనిషి అని అనువదించుకొన్నప్పుడు మర మిగిలింది గాని వెట్టి జారిపోయింది. చాపెక్ నాటకంలోని రోబోలు ఇనుపబొమ్మలు కూడా కావు. చూపునకు మనుషులవలెనే ఉండే, కృత్రిమంగా తయారైన పనివాళ్లు. ఇనుప చొక్కా వారికి తరువాతి కాలం తొడిగినది.

అంతకంటె పెద్ద విచిత్రం మరొకటి. ఈ మరమనిషిని మర అల్లలేదు. రెండు సూదులతో స్వెట్టరు అల్లే పనిని యంత్రం ఏనాడో నేర్చుకొన్నది; ఇంగ్లండులో విలియం లీ 1589లోనే మేజోళ్లు అల్లే చట్రాన్ని నిర్మించాడు. ఆ అల్లికలో ఉచ్చులన్నీ ఒక వరుసలో తెరచుకొని నిలిచి ఉంటవి. ఒక్కొక్క ఉచ్చుకు ఒక్కొక్క కొక్కెం అమర్చితే వరుసకు వరుసే లాగివేయవచ్చును. క్రోషియాలో ఆ వసతి లేదు. ఏ క్షణానికైనా ఒకే ఒక ఉచ్చు ప్రాణంతో ఉంటుంది. కొక్కెం అంతకు ముందు అల్లిన భాగంలోనికి దూరి, తన సందు వెదకుకొని, దారాన్ని పట్టి ఈవలకు లాగాలి. ఆ సందును వ్రేళ్లు తడిమి తెలుసుకొంటవి. పరిశోధనశాలలలో ప్రయత్నాలు లేకపోలేదు. కాని చేతిని తప్పించి క్రోషియాను అల్లిపెట్టే యంత్రం కర్మాగారాలలోనికి ఇంకా రాలేదు. దానిని పోలిన మరబట్ట బజారులో దొరుకుతుంది, అది పోలిక మాత్రమే. నిజమైన క్రోషియా బొమ్మ ఏ అంగడిలో ఎంత చవకగా దొరికినా, దాని ప్రతి కుట్టునూ ఎక్కడో ఎవరో కూర్చుండి వేసి ఉండాలి.

ఎన్ని కుట్లు? తమ్ముని కోసం బొమ్మ అల్లబూనిన అక్కకు ఈ ప్రశ్న మొదట తోచదు. ఆమె ఒక దారపు వలయం చేసి అందులో 6 కుట్లు వేస్తుంది. రెండవ చుట్టులో ఒక్కొక్క కుట్టులో రెండేసి వేయగా 12. మూడవ చుట్టుకు 18, ఆపైన 24, ఆపైన 30. చుట్టు చుట్టుకూ ఆరు పెరిగితేనే ఆ బిళ్ల బల్లపరుపుగా వస్తుంది. ఎందుచేత ఆరు? లెక్కల మాస్టారికి ఇంతకంటె మంచి ప్రశ్న దొరకదు. వృత్తపు వ్యాసార్ధం ఒక కొలత పెరిగితే పరిధి దాదాపు 6.28 కొలతలు పెరుగుతుంది. ఈ పొట్టికుట్టు ఎత్తూ వెడల్పూ ఇంచుమించు సమానం. అందుచేత ఒక చుట్టు ఎత్తు పెరిగినప్పుడు చుట్టుకొలతకు ఆరు కుట్ల వెడల్పు కావలసి వస్తుంది. నల్లబల్లమీద వ్రాసి వల్లె వేయించిన సూత్రం వ్రేళ్ల సందున తేలివస్తుంది. ఆరుకంటె తక్కువ పెంచితే అంచు ముడుచుకొని బిళ్ల గిన్నె అవుతుంది. మరీ ఎక్కువ పెంచితే కోడిజుట్టు పువ్వులాగ కుచ్చులు పడుతుంది. ఆ కుచ్చులు పడిన తప్పులోనే ఒక గొప్ప గణితమున్నది: కార్నెల్ విశ్వవిద్యాలయంలో దైనా తైమినా అనే గణితశాస్త్రజ్ఞురాలు 1997లో సరిగా ఈ పద్ధతినే క్రోషియా అల్లి, సమాంతర రేఖలను గురించి యూక్లిడ్ చెప్పిన మాట చెల్లని అతిపరావలయ తలాన్ని విద్యార్థుల చేతికి అందించింది. కాగితంమీద బొమ్మగీసి చూపడానికి తరాలుగా పండితులు పడిన పాట్లు ఒక దారపు ఉండతో తీరినవి. అల్లిక ఆడవారి కాలక్షేపమని చప్పరించేవారు ఈ సంగతి వినదగును.

ముప్పది వచ్చిన తరువాత పెంచడం మానాలి. మొదటి చుట్టులో కుట్టుకు వెనుకనున్న పోగును మాత్రమే పట్టి అల్లితే అక్కడ మడత పడి, మరమనిషికి తగిన పదునైన అంచు వస్తుంది. అట్లా పది చుట్లు పైకి పోతే 300 కుట్లు. చుట్లు స్తంభానికి తీగె ప్రాకినట్లు ఎడతెగకుండా పోతవి గనుక ఎక్కడ మొదలుపెట్టినదీ తెలియదు. మొదటి కుట్టుకు ఒక పిన్నీసు గుచ్చి ఉంచుకోవాలి. ఆ పిన్నీసు మరచిన వారు అర్ధరాత్రి వరకు విప్పుకొంటూ కూర్చుంటారు. తరువాత 24, 18, 12, 6గా తగ్గించుకొంటూ మూసివేయాలి. మూతి మూయకముందే దూది కూరాలి. తలగడ కుక్కినట్లు కుక్కితే కుట్ల సందులు నోళ్లు తెరచుకొని తెల్లదూది పండ్లికిలిస్తుంది. ఒంటికి మొత్తం 450 కుట్లు. కొంచెం చిన్నదైన తలకు 288. చేతులు రెండింటికి 96, కాళ్లకు 132. తలమీది కొమ్మును, అతుకులను విడిచిపెట్టి 966 కుట్లు. నిమిషానికి నాలుగు కుట్లు పడే క్రొత్తచేతికి ఉత్త అల్లికకే నాలుగు గంటలు; విప్పిన కుట్లు ఈ లెక్కలోనికి రావు. బొమ్మను పుచ్చుకొనేవాడు మూడేండ్లలోపు వాడైతే కన్నులకు బొత్తాములు కుట్టకూడదు, ఊడివస్తే నోట పెట్టుకొంటాడు, దారంతోనే కుట్టాలి. దానికి మరికొంత సేపు.

ఇక ఈ బొమ్మను గురించి లోకం చెప్పే మాటలు రెండు. అంగడిలో రెండువందలకు దొరికే దానికి ఇన్ని గంటలు వృథా చేయడమెందుకని మొదటివారంటారు. వీరికి సమాధానం సులభం: ఆ రెండువందలలో ఊలు ఖరీదు, వర్తకుని లాభం, రవాణా పోగా అల్లిన చేతికి ఏమి మిగిలిందో లెక్కవేయమని అడిగితే చాలును. రెండవవారు రసికులు. చేతితో చేసిన కానుక వెలలేనిది, దానిని లెక్కించడమే అపచారం అంటారు. వినడానికి ఇంపుగా ఉండే ఈ రెండవ మాటే ఎక్కువ ప్రమాదకరమైనది. వెలలేనిది అనే మాటకు తెలుగులో రెండు అర్థాలున్నవి. వెలకట్టడానికి వీలులేనంత గొప్పది అనేది ఒకటి. ఎవరూ వెల ఇవ్వనిది అనేది రెండవది. మొదటి అర్థం చెప్పి రెండవ అర్థం అమలుజరపడం లోకంలో చాలాకాలంగా జరుగుతున్న పని. అమ్మ వంటను గురించి అందరూ అనే మాట కూడా ఇదే కదా.

దీనికి సాక్ష్యం కోసం దూరం పోనక్కరలేదు. స్కాట్లండు నుండి వచ్చిన ఒక మిషనరీ దంపతులు 1844 ప్రాంతాన నరసాపురంలో పేద స్త్రీలకు లేసు నేర్పారని చెబుతారు. ఆ వెంటనే, 1845లో మొదలైన బంగాళాదుంపల కరవులో ఐర్లండు స్త్రీలకు కూడా ఈ సూదే కూడు పెట్టింది. గోదావరి డెల్టాలో ఆ విద్య ఊరూరా వ్యాపించి పెద్ద ఎగుమతి వ్యాపారమైనది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికశాస్త్రవేత్త ఆ గ్రామాలలో తిరిగి పరిశోధించి, 1982లో నరసాపురం లేసు స్త్రీలను గురించి ఒక గ్రంథం ప్రకటించింది. దారం ఇచ్చే ఏజెంటు ఒకడు, పువ్వులు అల్లే స్త్రీలు కొందరు, ఆ పువ్వులను కలిపే అతుకుపని చేసేవారు మరికొందరు. తాము అల్లిన బల్లగుడ్డ ఏ దేశంలో ఎవరి బల్లమీద పరచుకొంటున్నారో, ఎంతకు అమ్ముడుపోయిందో వారికి తెలియదు. రోజూ గంటల తరబడి పనిచేసినా వారికి కార్మికులనే పేరు లేదు. గృహిణులు తీరిక వేళ చేసుకొనే పని అని ఆ పనికి పేరు. ఆ పేరే కూలిని కనీసవేతనానికి ఎంతో దిగువకు అణచి ఉంచినదని ఆ గ్రంథం సారాంశం. వర్తకుల మేడలు లేచినవి. అల్లినవారికి మిగిలినవి కంటిమంట, మెడనొప్పి. 2024లో నరసాపురం క్రోషియా లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది, సంతోషించవలసిందే. ఇతర ప్రాంతాల సరకు ఆ పేరు తగిలించుకోకుండా అది కాపాడుతుంది. కుట్టుకు ఇంత అని కూలి నిర్ణయించే శక్తి మాత్రం దానికి లేదు.

తీరిక అనే ఆ మాటను పరీక్షించడానికి పాఠశాలకంటె అనువైన చోటు లేదు. 1937లో వార్ధా సమావేశం నుండి వెలువడిన ప్రాథమిక విద్యా ప్రణాళిక చేతిపనిని చదువుకు నడిమి స్తంభంగా నిలపాలన్నది. దానిననుసరించి ఒక తరం విద్యార్థులు బడిలో తకిలీ త్రిప్పారు. తరువాత చేతిపని పీరియడు క్రమంగా పరీక్షల ముందు వెనుకబడిన పాఠాలు పూర్తిచేసుకొనే పీరియడుగా మారిపోయినది. అదికూడా ఉపాధ్యాయుల తప్పనడానికి వీలులేదు, మార్కులు లేని పనిని ఏ తల్లిదండ్రులు అడిగారు? 2020 జాతీయ విద్యావిధానం 6 నుండి 8 తరగతుల వారికి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తులవారి వద్ద నేర్చుకొనే అవకాశం కల్పించాలన్నది. పది రోజులలో కుమ్మరి కాలేరు, వడ్రంగి కాలేరు. ఒక మరమనిషిని మాత్రం అల్లగలరు.

అయితే దానిని ఆడపిల్లల బెంచీలకే పరిమితం చేసేటట్లయితే మొదలుపెట్టకపోవడమే మేలు. మగపిల్లవాని వ్రేళ్లకు సూది పట్టడం రాదనేది వట్టి మాట. మగ్గంమీద పోగులు అతికే నేతగాని వ్రేళ్లు, చేపల వల అల్లే పల్లెవాని వ్రేళ్లు ఎవరివి? కొక్కెం మగపిల్లవాని చేతికి ఇచ్చినప్పుడు ఒక లాభమున్నది. నాలుగు గంటలు మెడవంచి కూర్చున్న తరువాత, ఇంటిలో అమ్మ చేసేది తీరిక వేళ పని అనే మాట అతని నోట అంత సులభంగా రాదు. రోబో బొమ్మ అనేసరికి అతడు కొంత ఉత్సాహంగానే కూర్చుంటాడు. పువ్వుల బల్లగుడ్డ అల్లమంటే పారిపోయేవాడు.

ఉపాధ్యాయులు చేయవలసింది అట్టే లేదు. ప్రతి విద్యార్థీ మొదలుపెట్టిన వేళ, ఆపిన వేళ ఒక కాగితంమీద వ్రాసుకోవాలి. విప్పిన కుట్లు కూడా వ్రాయాలి. ఊలు ఖరీదు, దూది ఖరీదు ప్రక్కన వేయాలి. బొమ్మ పూర్తి అయిన రోజున, తమ ఊరిలో ఒక రోజు కూలి ఎంతో ఇంట అడిగి తెలుసుకొని, గంటల చొప్పున తాము పడిన శ్రమకు వెల కట్టాలి. ఒక్కొక్కరి అంకె ఒక్కొక్క విధంగా వస్తుంది. దానిమీద తరగతిలో జగడం కూడా రావచ్చును, రానీయవలె. అంగడి బొమ్మ ధర ఆ అంకెల క్రింద వ్రాసి మాస్టారు ఊరకుంటే చాలును, ప్రశ్న వారే అడుగుతారు.

బొమ్మను తమ్ముని చేతికి ఇచ్చేటప్పుడు ఆ కాగితం చూపవలసిన పని లేదు. వాడికి కావలసింది మరమనిషి. కాగితాన్ని లెక్కల పుస్తకంలో మడిచి ఉంచుకొని, ఏ తిరునాళ్లలోనో లేసు గుడ్డ పరచుకొని కూర్చున్న అమ్మిని బేరమాడబోయే ముందు ఒకసారి తీసి చూచుకోవచ్చును.